అడ్డాకు విస్తరి వెనక ఉన్న చరిత్ర (ఆగస్టు 9 భోజనాల సంగతి కూడా)

పోస్ట్ పెద్దదే. మధ్యలో వదిలెయ్యకుండా చదవండి, ఎందుకంటే చివర్లో మనందరం కలిసి తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. నేను బీఏ హిస్టరీ చదువుతున్నాను. పండితుణ్ని కాదు. తప్పులుంటే పెద్దలు సరిచెయ్యండి.

జూన్ 5న మా కాలేజీలో పర్యావరణ దినోత్సవం జరిగింది. ప్రతిజ్ఞ చేయించారు. ప్లాస్టిక్ వాడను, చెట్లు నాటుతాను, ప్రకృతికి దగ్గరగా బతుకుతాను అని చెయ్యి ముందుకి చాపి అందరం చెప్పాం. వెనకాల పెద్ద ఫ్లెక్సీ. అయిపోయాక పులిహోర పెట్టారు, వెండి రంగు పూసిన ప్లేట్లలో. సరే, అది అన్ని చోట్లా ఉన్నదే. నన్ను ఆపేసింది వేరే. హాలు బయట ఒక బల్ల మీద పర్యావరణహిత వస్తువులని పెట్టి అమ్ముతున్నారు. గుడ్డ సంచులు, వెదురు బ్రష్షులు, వాటి పక్కన ఆకు ప్లేట్లు. ఇరవై అయిదేసి ప్లేట్లు ప్లాస్టిక్ కవరులో సీలు చేసి ఉన్నాయి. కవరు పైనుంచే గుర్తుపట్టాను. అడ్డాకు. మా అమ్మమ్మ రోజూ కుట్టే ఆకు. రేటు అడిగితే, మా ఊరి సంతలో ఒక కట్టకి వచ్చే డబ్బులకి అక్కడ మూడు ప్లేట్లు కూడా రావు.

ఇంకో సంగతి దాచకుండా చెప్తాను. ఇంటర్‌లో హాస్టల్‌కి వచ్చిన మొదటి వారం మా అమ్మ చేపల పులుసు, అన్నం అడ్డాకులో మూట కట్టి పంపింది. గదిలో ఉన్నవాళ్లు స్టీలు డబ్బాలు తెచ్చుకున్నారు. ఒకడు నవ్వాడు. గట్టిగా కూడా నవ్వలేదు పాపం. అయినా నేను ఆ మూట బాత్‌రూమ్ వెనక్కి పట్టుకెళ్లి తిని, ఆకు కనపడకుండా పడేసి వచ్చాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాణ్ని నేను. పట్నంలో ఎలా ఉండాలో చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఆకు దాచుకోవాలని మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

అయిదేళ్ల తర్వాత అదే ఆకుని బల్ల మీద పెట్టి నాకే 'ఇది వాడండి' అంటున్నారు. మరి మధ్యలో జరిగిందేంటి? ఈ ఆకు మన చేతిలోంచి ఎలా పోయింది? లైబ్రరీలో కొన్ని రోజులు కూర్చుని చదివింది, ఇంట్లో పెద్దవాళ్లని అడిగింది కలిపి రాస్తున్నాను.

ముందు ఆకు గురించి, తెలియనివాళ్ల కోసం. అడ్డతీగ చాలా పెద్ద తీగ. చెట్టుని చుట్టుకుంటూ కొసదాకా పోతుంది. ఆకు చివర రెండుగా చీలి, గేదె గిట్ట ముద్రలా ఉంటుంది. పెద్ద ఆకైతే మూర దాకా వస్తుంది. నాలుగైదు ఆకులు వెదురు పుల్లతో గుచ్చితే విస్తరి, ఒకటి మడిచి గుచ్చితే డొప్ప. నార తాడుకి పనికొస్తుంది. అడ్డ పిక్కలు ఉడకబెట్టుకునో కాల్చుకునో తింటాం. శాస్త్రం పేరు బౌహీనియా వాహ్లీ. ఈ పేరు సంగతి చదివినప్పుడు నవ్వొచ్చింది. బౌహిన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు అన్నదమ్ములు యూరప్‌లో వృక్షశాస్త్రవేత్తలట. ఆకు రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఆ ఇద్దరి పేరు పెట్టారు. వాహ్ల్ అనేది ఇంకో శాస్త్రవేత్త పేరు. అంటే మా కొండ మీద తీగకి ముగ్గురు తెల్లోళ్ల పేర్లు. మన పేరు మాత్రం ఊరి పేరులో మిగిలింది. రంపచోడవరం వైపు బస్సెక్కితే వచ్చే అడ్డతీగల పేరు వినని వాళ్లుంటారా. తెలంగాణ వైపు మిత్రులకి అడ్డాకు కంటే మోదుగాకు విస్తరి ఎక్కువ పరిచయం ఉంటుంది. కథ రెండిటిదీ ఒకటే.

అమ్మమ్మ చిన్నప్పుడు ఇంట్లో పారెయ్యాల్సిన వస్తువు అనేదే దాదాపు లేదు. తినేది ఆకులో. నీళ్లు సొరబుర్రలో. ధాన్యం వెదురు గాదెలో. జీలుగు కల్లు ఆకు డొప్పలో. వానొస్తే నెత్తిమీద వెదురు బద్దలూ ఆకులతో చేసిన గిడుగు. (సవర భాషకి వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి గారి ఇంటిపేరు ఈ ఆకు గొడుగే. మన ఇంట్లో వస్తువు పేరు పెట్టుకున్నాయన మన భాషలకి పని చేశారు, బావుంది కదా.) తిన్న విస్తరి దొడ్లో వేస్తే పశువు తినేది, లేకపోతే ఎరువయ్యేది. దీన్ని ఎవరూ పర్యావరణ స్పృహ అనలేదు. దానికసలు పేరే లేదు. అడవిలో దొరికేది వాడాం, అడవికే పోయింది.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం.

తెల్లోళ్లు అడవిని చూసిన కళ్లు వేరు. వాళ్లకి కావలసింది కలప. ఓడలకి టేకు కావాలి. 1853లో రైలు మొదలయ్యాక పట్టాల కింద స్లీపర్లకి టేకు, సాల కావాలి. 1864లో అడవుల శాఖకి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా బ్రాండిస్ అనే జర్మన్ వచ్చాడు. 1878లో డెహ్రాడూన్‌లో అడవి అధికారులకి బడి పెట్టారు. ఆ బడి పాఠాల్లో అడవి అంటే కలపనిచ్చే చెట్లు. మిగతావన్నీ అడ్డం. అక్కడే మన తీగ కథ మలుపు తిరిగింది. అడ్డతీగ చెట్టుని చుట్టి, వంచి, కలపని పాడుచేస్తుంది కాబట్టి అది వాళ్ల లెక్కలో కలప చెట్లకి శత్రువు. తీగలు నరకడం అడవుల శాఖలో మామూలుగా చేయించే పని. కూలి ఇచ్చి మరీ నరికించేవాళ్లు. ఆ కూలీలు ఎవరై ఉంటారో మీరే ఊహించుకోండి.

ఈ ముక్క చదివి కాసేపు పుస్తకం మూసేశాను. ఒకే తీగ. మనకి కంచం, తాడు, తిండి. వాళ్లకి కలుపు మొక్క. అడవి చట్టాల గొడవంతా ఈ ఒక్క తీగలో కనపడింది నాకు. చెట్టు మీద ప్రేమ ఎవరికి ఎక్కువ అన్నది అసలు గొడవే కాదు. అడవిలో దేనికి విలువుంది అని తేల్చే అధికారం ఎవరిది అన్నదే గొడవ.

చట్టం కంటే ముందే పన్నులొచ్చాయి. మన గోదావరి ఏజెన్సీలో 1879 మార్చిలో రంప తిరుగుబాటు లేచింది. డిగ్రీ పుస్తకంలో దీనికి ఒకటిన్నర పేరా ఇచ్చారు. కారణాల్లో పెద్దది జీలుగు, తాటి చెట్ల మీద. మన్సబుదారు చిగురుపన్ను అని కల్లుగీత మీద పన్ను వేశాడు. పైన ప్రభుత్వం కల్లు హక్కుని కాంట్రాక్టర్లకి పాడుకోమని ఇచ్చింది. ఇంటి ముందున్న చెట్టు నుంచి ఇంట్లోకి తీసుకునే కల్లుకి కూడా అడ్డు పడ్డారు. అదే సమయంలో భద్రాచలం వైపు రేకపల్లి ప్రాంతం మధ్య పరగణాల నుంచి 1874లో మద్రాసు కిందికి వచ్చింది. అక్కడ పోడు మీద పన్ను దాదాపు మూడింతలు చేశారు, కొన్ని చోట్ల పోడే కొట్టొద్దన్నారు. వాళ్లూ తిరగబడ్డారు. కారం తమ్మన్నదొర లాంటి వాళ్లు నడిపించారు. 1880 దాకా సాగింది. పోలీసులు చాల్లేదు, మిలిటరీని దింపారు.

ఈ తిరుగుబాటు చల్లారిన రెండేళ్లకే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. 1882. దీన్ని నిదానంగా చదవాలి. అడవి ఉత్పత్తి అంటే ఏంటో చట్టం జాబితా రాసింది. కలప ఒక్కటే కాదు. ఆకులు, పూలు, పళ్లు, గింజలు, దుంపలు, బెరడు, జిగురు, తేనె, మైనం, కొమ్ములు. మన అమ్మమ్మలు పొద్దున లేచి తెచ్చుకునేవన్నీ వరసగా రాసి, ఇవన్నీ మావి, అనుమతి లేకుండా తీస్తే నేరం అన్నట్టు. అడవిని రిజర్వు చేసే పద్ధతి ఇంకా విచిత్రం. ఫలానా కొండ రిజర్వు చేయబోతున్నాం అని గెజిట్‌లో ప్రకటిస్తారు. హక్కులున్నవాళ్లు గడువులోపల అధికారికి రాసివ్వాలి, లేదా ఎదురుగా వచ్చి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే హక్కు పోయినట్టే. గెజిట్ చదివేవాడు మన కొండల్లో ఎవడున్నాడు అప్పుడు? నేనింకా మా ఇంట్లో మొదటి తరం చదువరిని. అది జరిగి 140 ఏళ్లు దాటింది.

అలా ఒక్కో కొండా రిజర్వు కిందికి పోయింది. చట్టం రాగానే ఆకు ఆగిపోలేదు, ఎవరూ ఆపలేరు కూడా. కానీ రోజూ చేసే పని నేరం అయిపోయింది. నేరం అయ్యాక ఏం జరుగుతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. గార్డు కనబడితే కోడి ఇవ్వాలి, వెట్టి చెయ్యాలి, తేనె పొయ్యాలి. ఆకు కోసినందుకు కేసు పెట్టకపోవచ్చు. పెట్టగలడు అన్న భయం చాలు.

1922 గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర. పోడు మీద, పశువుల మేత మీద ఆంక్షలు, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పనికి సరిగ్గా కూలివ్వకుండా చాకిరీ చేయించడం. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి. అక్టోబరు 15న అడ్డతీగల స్టేషన్. ముందే కబురు పెట్టి వచ్చారు కాబట్టి అక్కడ తుపాకులు దొరకలేదు. సినిమాల్లో తుపాకులు చూపిస్తారు, మేత పన్ను చూపించరు. తీగ పేరున్న ఊళ్లో, తీగ మీద హక్కు పోయినవాళ్లు స్టేషన్ మీదికి వెళ్లారు అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, పరీక్షలో రాయకండి.

నిజాం రాజ్యంలోనూ ఇదే కథ. అడవి రిజర్వు చెయ్యడం, పశువుల మేతకి పన్ను, కట్టెలకి పన్ను, ఊళ్లు ఖాళీ చేయించడం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీముని చంపాక గానీ గోండుల గోడు ఏంటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించలేదు. అప్పుడు హైమెండార్ఫ్‌ని పంపారు. ఆయన మా కొండరెడ్ల మీద కూడా 1945లో ఒక పుస్తకం వేశారు. గోదావరి ఒడ్డున కలప, వెదురు వ్యాపారులు అప్పులిచ్చి కొండరెడ్లని తరాల తరబడి కొట్టుడు పనికి ఎలా కట్టేసుకున్నారో అందులో ఉంది. ఇది మనం ఆలోచించాల్సిన ముక్క. కొండరెడ్డి తన ఇంటికి వెదురు కొడితే నేరం. అదే కొండరెడ్డి అదే వెదురుని కాంట్రాక్టరు కోసం కొడితే వ్యాపారం.

వెదురు అంటే గుర్తొచ్చింది. అది గడ్డి జాతి అని ఆరో తరగతి పిల్లాడు చెప్తాడు. 1927 నాటి భారత అటవీ చట్టంలో మాత్రం అది చెట్టు. చెట్టు అని రాస్తే దాన్ని కొట్టడం చెట్టు కొట్టినంత నేరం అవుతుంది మరి. 2017లో గానీ ఆ నిర్వచనంలోంచి వెదురుని తియ్యలేదు. ఈలోగా సిర్పూరు కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 1940ల నుంచి ఆదిలాబాద్ అడవుల వెదురు నమిలింది. వెదురు పోయి కాగితం అయ్యింది. ఇప్పుడు సభల్లో 'ప్లాస్టిక్ ప్లేటు వద్దు, పేపర్ ప్లేటు వాడండి' అంటే నాకు అదోలా ఉంటుంది. పైగా చాలా పేపర్ ప్లేట్లకి, టీ కప్పులకి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. లేకపోతే సాంబారు కారిపోదూ. నమ్మకపోతే తడిపి చింపి చూడండి.

స్వతంత్రం వచ్చాక మారిందా అంటే, 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. దళారీల నుంచి కాపాడి చింతపండు, తేనె, జిగురు సరైన ధరకి కొనాలని ఉద్దేశం. కొంత మేలు జరిగింది, కాదనను. మా తాత తేనె అక్కడే అమ్మేవాడు. కానీ అటవీ చట్టం మాత్రం 1967లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకి కలిపి కొత్తగా రాసినా గుణం మారలేదు. అడవి ప్రభుత్వానిదే, ఆకు ప్రభుత్వానిదే.

ప్రపంచం పర్యావరణం గురించి మాట్లాడటం మొదలైంది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. 1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో సభ జరిగింది, ఇందిరాగాంధీ వెళ్లి మాట్లాడారు. 1973 నుంచి జూన్ 5ని జరుపుతున్నారు. మర్నాడు ఏడాది, 1974లో, ఉత్తరాఖండ్ రేణి గ్రామంలో గౌరాదేవి మిగతా ఆడవాళ్లతో కలిసి కాంట్రాక్టరు మనుషులకి అడ్డం నిలబడి చెట్లు కాపాడింది. ఆవిడ భోటియా తెగ మనిషి. చిప్కో అనగానే చెట్టుని కౌగిలించుకున్న బొమ్మ గుర్తొస్తుంది గానీ, ఆవిడ ఆదివాసీ అన్న సంగతి నాకు పోయినేడు దాకా తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఇక ప్లాస్టిక్. పాలిథిన్ 1933లో ఇంగ్లండులో ఒక రసాయన కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా బయటపడింది. అది మా ఊరికి ఎప్పుడొచ్చిందో పుస్తకంలో ఉండదు కాబట్టి అమ్మమ్మనే అడిగాను. మొదట ఉప్పు కవరు వచ్చిందట. తర్వాత కిరసనాయిలు డబ్బా, తర్వాత నీళ్ల బిందె. బిందె వచ్చినప్పుడు ఆడవాళ్లు సంతోషపడ్డారు అంది. సత్తు బిందె కంటే తేలిక, కొండ కింద ఊట నుంచి మోసేది వాళ్లే కదా. అది నేను పోస్ట్‌లో రాయకుండా వదిలెయ్యొచ్చు. వదిలేస్తే అబద్ధం రాసినట్టు అవుతుంది. ప్లాస్టిక్ బిందె మా అమ్మమ్మ నడుముకి మేలు చేసింది. బిందె ఇరవై ఏళ్లు వాడతాం. గొడవ బిందెతో కాదు, పావుగంట వాడి పారేసే దానితో.

పారేసేవి వచ్చింది పెళ్లిళ్లతో. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా మేనమామ పెళ్లిలో మొదటిసారి థర్మాకోల్ ప్లేట్లు తెచ్చారు. తెల్లగా మెరిసిపోతున్నాయి. ఊరంతా మురిసిపోయింది, పట్నం పెళ్లిలా ఉందని. అడ్డాకు అయితే అందరూ కూర్చుని రెండు రోజులు కుట్టాలి, ఇది కట్ట విప్పితే చాలు. మర్నాడు ప్లేట్లు కాలవ పక్కన గుట్టగా పోశారు, అన్నం వాసనకి పశువులు వచ్చి అవి కూడా నమిలాయి. మా ఆవు ఒకటి నెల తర్వాత చచ్చిపోయింది. ప్లేటు వల్లే అని నేను చెప్పలేను, ఎవరూ కోసి చూడలేదు. ఆ గుట్టలో ముక్కలు మాత్రం ఇప్పటికీ కాలవ మట్టిలో తెల్లగా కనిపిస్తాయి. పన్నెండేళ్లయింది. మా మేనమామ పెద్దకూతురు ఇప్పుడు ఆరో తరగతి.

కాబట్టి మనవాళ్లంతా ప్రకృతి దేవతలు, తప్పంతా బయటోళ్లది అని నేను రాయడం లేదు. కొంతమంది ఆకు కోసే ఓపిక లేక తీగ మొదలుకే నరికి లాగేస్తారు. అమ్మమ్మ అయితే తిడుతుంది. ముదురాకు కొయ్యాలి, లేత కొస వదలాలి, ఒకే తీగ మీద పడకూడదు అంటుంది. ఇది ఎవరో రాసిన చట్టం కాదు. వచ్చే ఏడాది కూడా ఆకు కావాలి, అంతే. అయితే ఒకటి ఆలోచించండి. తీగ మనది అనుకున్నప్పుడు కొస వదులుతాం. ఎవడిదో అనుకుంటే, గార్డు వచ్చేలోపు లాక్కుపోవాలి అనుకుంటే, మొదలుకే నరుకుతాం. హక్కు పోయినచోట పద్ధతి కూడా పోయింది. చరిత్ర చదివాక నాకు బలంగా తోచింది ఇదే.

ఇప్పుడు హక్కు ఏమైంది? తిరిగి వచ్చింది. కాగితం మీద వచ్చింది. 1996 పీసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకి ఇవ్వాలి అంది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో ఇంకా స్పష్టంగా, వాటిని సేకరించడం, వాడుకోవడం, అమ్ముకోవడం మన హక్కు అని రాశారు. వెదురు, తేనె, తునికాకు, దుంపలు, చెట్టు కలప కానివన్నీ అందులోకి వస్తాయి. 2012లో నియమాలు సవరించి, రవాణాకి పర్మిట్ గ్రామసభ కమిటీయే ఇవ్వొచ్చు అన్నారు. మనలో చాలామంది ఈ చట్టం అంటే పోడు పట్టా అనే అనుకుంటున్నాం. నేనూ అంతే అనుకున్నాను. సామూహిక హక్కుల భాగం చదివితే అందులో మన ఆకు ఉంది.

కాగితం మీద హక్కు చేతికి ఎలా వస్తుందో పక్క రాష్ట్రంలో చూపించారు. మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా లేఖ అని గోండు ఊరుంది. 2009లో సామూహిక అటవీ హక్కు పత్రం తెచ్చుకున్నారు. అయినా వెదురు అమ్మబోతే అడవుల శాఖ ఒప్పుకోలేదు. వాళ్లు వదల్లేదు. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ స్వయంగా వచ్చి రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టారు. ఒక ఊరు పుస్తకం సంపాదించడానికి మంత్రి రావాల్సి వచ్చింది. అదీ పరిస్థితి.

ఇంకో చట్టం కూడా మనవైపే ఉంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మాకోల్, 100 మైక్రాన్ల లోపు ఫ్లెక్సీ బ్యానర్లు దేశమంతా నిషేధం. సంతలో దొరకడం లేదా అంటే దొరుకుతున్నాయి. కానీ చట్టం ప్రకారం ఇవాళ నేరం ఏదో చూడండి. 1882లో ఆకు తెచ్చినవాడిది నేరం. 2022లో ప్లాస్టిక్ ప్లేటు తెచ్చినవాడిది నేరం.

ఇక అసలు విషయానికి వస్తాను. పోయినేడు ఆగస్టు 9న మన గ్రూపు తరఫున సభ చేశాం. 1982 ఆగస్టు 9న ఆదివాసీ ప్రజల మీద ఐక్యరాజ్యసమితి కార్యవర్గం మొదటిసారి కూర్చుంది కాబట్టి ఆ తేదీ అని నేనే మైకులో చెప్పాను. జల్ జంగల్ జమీన్ అని నినాదాలిచ్చాం. దగ్గర దగ్గర మూడొందల మందికి భోజనాలు. ప్లేట్లు థర్మాకోల్. గ్లాసులు ప్లాస్టిక్. తర్వాత ఏరిన ఆరుగురిలో నేనొకణ్ని. నాలుగు గోనె సంచులు నిండాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియక గ్రౌండ్ వెనక తగలబెట్టాం. ఆ పొగ వాసన రాత్రి దాకా చొక్కాకి ఉంది. కొమురం భీం ఫోటో ఉన్న ఫ్లెక్సీని ఎవరో మేకల పాకకి కప్పుకున్నారు. అది పర్లేదు, ఆయన ఉంటే మేకలు తడవకూడదనే అనేవాడు.

ఈసారి అడ్డాకు విస్తళ్లు, డొప్పలు పెడదాం అని నా ప్రతిపాదన. మార్కెట్‌లో మిషన్ ప్లేట్లు దొరుకుతాయి, అవి వద్దు. చాలావాటికి కింద అట్టో, పాలిథిన్ పొరో అంటిస్తారు, పైకి ఆకు కనపడుతుంది అంతే. చేత్తో కుట్టినవి మన ఊళ్ల నుంచే తెప్పిద్దాం. ఫ్లెక్సీ బదులు గుడ్డ మీద రంగులతో రాయిద్దాం, మన హాస్టల్లో బొమ్మలు వేసేవాళ్లు ఇద్దరున్నారు. నీళ్లకి స్టీలు గ్లాసులు అద్దెకి దొరుకుతాయి, కడిగే వంతులు మనమే వేసుకోవాలి. అమ్మాయిల మీద తోసెయ్యొద్దు, ముందే చెప్తున్నాను.

నిన్న రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం ఆవిడ చింతచెట్టు దగ్గరికి రావాలి. మూడొందల విస్తళ్లు, ఆరొందల డొప్పలు కావాలి, కుడతారా అని అడిగాను. ఆగస్టులో వానలు కదా, ఆకు ఎండదు అంది. పచ్చాకుతోనే ముందురోజు కుట్టి, తడిగుడ్డ కప్పి పంపితే మర్నాటికి బాగానే ఉంటాయట. ఆడవాళ్లు ఎనిమిది మంది ఒక రోజు కోతకి, ఒక రోజు కుట్టడానికి కావాలంది. వానలో జలగలుంటాయి, పాములుంటాయి, ఉట్టినే ఎవరూ రారు అంది. నేను పర్యావరణం గురించి, మన సంస్కృతి గురించి, హక్కు గురించి ఇప్పుడు మీకు చెప్పిందంతా చెప్పబోయాను. మొత్తం వినలేదు.

"అదంతా బానే ఉంది గానీ, వందకి ఎంతిత్తారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మళ్లీ చేస్తానని పెట్టేశాను. పోయినేడు థర్మాకోల్ ప్లేట్లకి, గ్లాసులకి, ఫ్లెక్సీకి కలిపి అయిన ఖర్చు లెక్క మన కోశాధికారి అన్న దగ్గర ఉంది. అన్నా, ఆ లెక్క ఇక్కడ పెట్టు. ఎనిమిది మందికి రెండు రోజుల ఉపాధి కూలికి తక్కువ కాకుండా ఇవ్వాలి అని నా మాట. ఎక్కువైతే చందా ఎంత పెంచాలో చెప్పండి. ఆదివారం లోపు తేల్చండి, అమ్మమ్మ ఆ రోజు సంతకి వస్తుంది, అక్కడ సిగ్నల్ ఉంటుంది.